తరుగు లేదు

లావుగా ఉన్న మనిషి ఒళ్ళు ఊరందరి ఉమ్మడి ఆస్తి. ఇందులో వాదించడానికేమీ లేదు. సన్నగా ఉన్నవాడు తాగి చెడినా, పేకాడి చెడినా అది వాడి సొంత విషయం. లావుపాటి ఆడపిల్ల బస్టాండులో ఒక బోండా తింటే మాత్రం, బోండా వేసినవాడి దగ్గర్నుంచి బస్సు దిగినవాడి దాకా ప్రతివాడి దగ్గరా ఒక సలహా ఉంటుంది. అడగకపోయినా ఇస్తారు. ఇచ్చి, పుణ్యం చేశామనుకుని ఇంటికి పోయి కడుపునిండా తిని పడుకుంటారు.

చిత్తూరు బెల్లం మండీ గిరిప్రసాద్‌కు ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ఈ సంగతి పట్టలేదు. పట్టిన రోజున చూసుకుంటే, తప్పు చేసినవాళ్ళ వరసలో తనే ముందు నిలబడి ఉన్నాడు.

తొంభై ఎనిమిది, అక్టోబరు. చెరకు గానుగలు మొదలయ్యే రోజులు. గిరి పలమనేరు దగ్గర ఒక రైతు గానుగ చూసి, కొత్త బెల్లం కొంచెం పొట్లం కట్టించుకుని చిత్తూరు బస్సెక్కాడు. కిటికీ పక్కన సీటు దొరికింది. బయట వాన. అద్దం సగం దిగి ఇరుక్కుపోయి, వాన కూడా టికెట్టు లేకుండా బస్సులోకి వస్తోంది.

బస్సు కదలబోతుంటే ఒకమ్మాయి ఎక్కింది. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో టిఫిన్ క్యారియర్. మనిషి పొడుగు, దానికి తగ్గ ఒడ్డు. మెట్టు మీద కాలు పెట్టగానే బస్సు అటుపక్కకు కొంచెం ఒరిగింది.

కండక్టరుకు అంతే చాలు.

"అమ్మా, నీకు టికెట్టు ఒకటి కొట్టాల్నా, రెండా?"

బస్సంతా నవ్వింది. ఆమె గొడుగు మడిచి, నీళ్ళు దులిపింది. ఆ నీళ్ళు సరిగ్గా కండక్టరు చొక్కా మీద పడ్డాయి.

"రెండు కొట్టప్పా. రెండోది నీ నోటికి. పాపం, టికెట్టు లేకుండా తిరగతా ఉండాది."

ఈసారి బస్సు ఇంకా గట్టిగా నవ్వింది. కండక్టరు ఒక్క టికెట్టే కొట్టి ఇచ్చి, వెనక్కి పోయాడు.

ఆమె వచ్చి గిరి పక్కన కూర్చుంది. సీటు కిందికి కుంగింది. అప్పుడు గిరి నోరు, వాడిని అడగకుండా, మెల్లగా ఒక అంకె అనేసింది.

ఆ అంకె ఇక్కడ రాసేది లేదు.

"ఏమన్నారు?"

"ఏమీ లేదండి."

"ఏదో అన్నారు."

"బెల్లం లెక్క."

ఆమె వాడి ఒళ్ళోని పొట్లం చూసింది. "ఈ పొట్లం అంతుంటాదా?"

గిరి కిటికీలోంచి చూడబోయాడు. వాన ముఖాన కొట్టింది.

"నేను కోర్టులో టైపిస్టును," అందామె. "మనిషి నోట ఏమొస్తే అది వచ్చినట్టే కొట్టేది నా పని. నా చెవుల్ని మోసం చేయలేరు. మీరు నన్ను తూకం వేసినారు."

"అలవాటండి. మండీలో పుట్టి పెరిగినోణ్ణి. కంట్లో ఏది పడినా నోరు తూకం చెప్పేస్తాది. గుమ్మడికాయైనా, దూడైనా. మొన్న మా అత్తకు కూడా చెప్పేసినా."

"ఏమనింది?"

"అన్నం పెట్టలేదు."

ఆమె పెదవి బిగించుకుంది. నవ్వు ఆపుకుంటోందని గిరికి తెలిసింది. దాంతో ధైర్యం వచ్చింది. వచ్చిన ధైర్యంతో మనిషి అడగకూడనిది అడిగాడు.

"తూకం కరెక్టేనా అండీ?"

ఆమె పూర్తిగా తిరిగి చూసింది. బస్సు మొగిలి కనుమ దిగుతోంది. గిరికి బస్సు కంటే ముందు తనే లోయలోకి దిగుతున్నట్టనిపించింది.

"దిగేటప్పుడు చెప్తా."

చిత్తూరు బస్టాండులో దిగి, గొడుగు విప్పి, వెనక్కి తిరిగి చెప్పింది.

"కరెక్టే. అందుకే కోపమొస్తా ఉండాది."

వానలో కోర్టు వైపు నడిచి పోయింది. గిరి బెల్లం పొట్లం బస్సులోనే మరిచిపోయాడు.

*

బెల్లం మండీల్లో తరుగు అని ఒక మాట ఉంది. రైతు బెల్లం తెచ్చి కాటా మీద పెడతాడు. ఆరితే తగ్గుతుందని, గోతానికి అంటుకుంటుందని, ఏదో ఒకటి చెప్పి మండీవాడు తూకంలో కొన్ని కిలోలు కొట్టేస్తాడు. అదే తరుగు. రైతు బెల్లం పూర్తిగా తెచ్చి, తక్కువ తెచ్చినవాడిగా ఇంటికి పోతాడు.

గిరి తండ్రి వరదయ్య చెరకు రైతుగా ఉన్నన్నాళ్ళూ తరుగుకు తలవంచాడు. తర్వాత తనే చిన్న మండీ పెట్టి, కాటా పైన సొంత చేత్తో ఒక బోర్డు రాసి తగిలించాడు. 'తరుగు లేదు.' పక్క మండీలవాళ్ళు పగబట్టారు. వరదయ్య లెక్కచేయలేదు. భార్య పోయిన తర్వాత ఆయన దేన్నీ లెక్కచేయడం మానేశాడు.

ఆ బోర్డు కిందికి, దీపావళి పోయిన వారానికి, ఒక పెద్దావిడ వచ్చింది. చిన్న మనిషి, చిన్న గొంతు.

"తులాభారానికి బెల్లం కావాల నాయనా."

"ఎంత కావాలమ్మా?" అన్నాడు గిరి.

ఆవిడ పైకప్పు చూసింది. "ఒక మనిషికి."

"మనిషి ఎంతుంటారు?"

"సుమారుగా ఉంటాది."

"సుమారుగా అంటే?"

"ఆయన్ను తిప్పలు పెట్టొద్దమ్మా," అని వెనకనుంచి గొంతు వచ్చింది. "నన్ను చూపించు. చూస్తానే చెప్పేస్తాడు."

గిరి చేతిలోని బెల్లం అచ్చు జారి కాలి మీద పడింది.

ఆమె పేరు నందిని. పెద్దావిడ తల్లి మునిరత్నమ్మ. తండ్రి లేడు. కూతురికి కోర్టులో ఉద్యోగం వస్తే కాణిపాకం వినాయకుడి దగ్గర నిలువెత్తు బెల్లం తూస్తానని మునిరత్నమ్మ మొక్కుకుంది. ఉద్యోగం వచ్చి మూడేళ్ళయింది. మొక్కు తీరలేదు.

"ఎందుకు తీరలేదు?" గిరి అడిగాడు.

"నేను తగ్గినాక తూయాలంట," అంది నందిని. "మా అమ్మ దేవుడి దగ్గర వాయిదాలు అడగతా ఉండాది. మా కోర్టులో కూడా ఇన్ని వాయిదాలియ్యరు."

"నలుగురూ చూస్తారు గదమ్మే," అంది మునిరత్నమ్మ చిన్నగా. "గుడి నిండా జనం. తట్ట లేయకపోతే నవ్వుతారు."

"నవ్వితే పళ్ళు కనిపిస్తాయి. నా కొలువు పోతాదా?"

మునిరత్నమ్మ ఆ రోజూ బెల్లం కొనలేదు. కార్తీకం పోనీ అని లేచింది. నందిని కదలకుండా బోర్డు చూస్తూ నిలబడింది. తరుగంటే ఏమిటో అడిగి తెలుసుకుంది.

"బోర్డు బాగుండాది. నాకూ ఒకటి రాయించియ్యండి."

"మీకెందుకు?"

"మెడలో వేసుకుని పెళ్ళిచూపుల్లో కూర్చుంటా."

*

కోర్టు నుంచి బస్టాండుకు పోవడానికి మండీ వీధి దారి కాదు. చుట్టు. అయినా నందిని సాయంత్రాలు ఆ దారినే పోవడం మొదలుపెట్టింది. పలమనేరు బస్సు కోసం గిరి తోడు నిలబడేవాడు. బస్సులు ఆలస్యంగా రావాలని చిత్తూరులో మొక్కుకున్నవాడు వాడొక్కడే.

ఒకరోజు బస్టాండు ముందు వేడి వేడి బోండాలు. నందిని బోండా తినే తీరు గిరికి ఇష్టం. దొంగతనంగా తినదు. సగం పక్కన పెట్టదు. చట్నీలో ముంచి, కళ్ళు సగం మూసి, తిన్నంతసేపూ ఈ లోకంలో బోండా, తానూ తప్ప ఇంకెవరూ లేనట్టు తింటుంది.

తెల్ల బూట్లేసుకున్న పెద్దమనిషి ఒకాయన ఆగాడు.

"తల్లీ, నీ మంచికే చెప్తా ఉండా. నూనె వస్తువులు మానేయ్. మనిషి ఒంటికి మనిషే బాధ్యుడు."

గిరి ముందుకు రాబోయాడు. నందిని చేయి అడ్డం పెట్టింది.

"ఆ మాట నాకు బాగా నచ్చింది సార్. ఇంకోసారి చెప్పండి. నా ఒంటికి బాధ్యులెవరు?"

"నువ్వే తల్లీ."

"అంతే గదా. మరి మీరెవరు?"

పెద్దమనిషి అప్పుడే వచ్చిన తిరుపతి బస్సు ఎక్కి పోయాడు.

గిరి ఇంకా బుసలు కొడుతున్నాడు. "వాణ్ణి బూట్లతో సహా తూకం వేసుండాల్సింది."

"నా కొట్లాట నాకు చేతనవును. నువ్వు బోండా తిను, చల్లారిపోతాది."

'నువ్వు' అంది. మొదటిసారి. గిరి బోండా తిన్నాడు. దాని రుచి ఏమిటో తర్వాత ఎప్పుడు గుర్తు చేసుకున్నా గుర్తు రాలేదు.

చేతులు తుడుచుకుని అడిగాడు. "నీకు తగ్గాలని లేదా?"

వాడు ఎగతాళిగా అడగలేదు. అందుకే ఆమె జవాబు చెప్పింది.

"ఒకసారి తగ్గినా. సంగటి మానేసి మజ్జిగ మీద బతికినా. అందరూ మెచ్చుకున్నారు. ఒకరోజు జడ్జిగారు తీర్పు చెప్తా ఉంటే కళ్ళు తిరిగి టైపు మిషను మీద పడినా. మళ్ళా తిన్నా, మళ్ళా వచ్చేసింది. మా నాయన ఇట్లే ఉండేవాడు, మా అవ్వా ఇట్లే. థైరాయిడ్ అని చెప్పుకోమంటాది మా అమ్మ. జాలి పడతారంట. నాకే జబ్బూ లేదు గిరీ. లేని జబ్బు ఎందుకు చెప్పుకోవాల? పొద్దున్నే లేచి నడస్తా. పని చేస్తా. ఆకలైతే తింటా. రేపు నా మోకాళ్ళు మొరాయిస్తే తగ్గుతా. అది నాకూ, నా మోకాళ్ళకూ మధ్య సంగతి. మధ్యలో ఊరెందుకు?"

గిరి తలూపాడు. ఆ మాట తనకు పూర్తిగా అర్థమైందనుకున్నాడు. అర్థం కాలేదని తర్వాత తేలింది.

కార్తీకం చివర్లో ఒక సాయంత్రం వాన మండీ రేకుల మీద విరుచుకుపడింది. హమాలీలు వెళ్ళిపోయారు. నందిని గొడుగు ఆ రోజే ఇంట్లో మరిచిపోయింది. అదొక్కరోజే మరిచిపోయింది.

"ఒక మాట చెప్పాల," అన్నాడు గిరి.

"గట్టిగా చెప్పు. రేకుల మోతలో వినిపించదు."

"నువ్వంటే నాకిష్టం!"

ఎంత గట్టిగా అన్నాడంటే పక్క మండీ కుక్క మొరిగింది.

"ఎంత?" అంది నందిని.

గిరి నోరు తెరిచాడు. ప్రతిదానికీ అంకె పలికే నోరు. తెరిచింది తెరిచినట్టే ఉంది.

"అంకె రాలేదా?"

"రాలేదు."

"మొదటిసారా?"

"ఊ."

ఆమె చెంగుతో ముఖం తుడుచుకుంది. వాన నీళ్ళే అయ్యుండొచ్చు. "అయితే మీ ఇంట్లో చెప్పు."

*

ఇంట్లో చెప్పడమంటే అత్తకు చెప్పడం. గిరికి పదేళ్ళప్పుడు తల్లి పోయింది. వరదయ్య చెల్లెలు శకుంతలమ్మ వచ్చి వాణ్ణి పెంచింది. మనసు మంచిదే. నోరు మాత్రం ఊరిది.

"కోర్టు ఉద్యోగమా? మన కులమేనా? పలమనేరా? అంతా బాగుండాది," అంది శకుంతలమ్మ. తర్వాత గొంతు తగ్గించింది. "లావంట గదరా. ఎంతుంటాది?"

వరదయ్య మంచం మీద కూర్చుని వక్క కత్తిరిస్తున్నాడు.

గిరి ఒక అంకె చెప్పాడు. బస్సులో వాడి నోరు పలికిన అంకె కాదు. దానికి పదిహేను కిలోలు తక్కువ.

ఎందుకు చెప్పాడంటే, పని జరగాలని. పెళ్ళయ్యాక ఎవరు తూస్తారులే అని. మంచి ఉద్దేశమే. మండీల్లో తరుగు కొట్టేవాళ్ళకూ ఏవో మంచి ఉద్దేశాలే ఉంటాయి.

వరదయ్య తలెత్తి కొడుకును చూశాడు. ఆయన ఆ పిల్లను మండీలో చూసి ఉన్నాడు. కొడుక్కి తూకం నేర్పింది ఆయనే. అడకత్తెర టక్కుమంది.

ఆ ఆదివారం పలమనేరు పోయారు. మునిరత్నమ్మ ఇల్లు కడిగి ముగ్గేసింది. నందిని కాఫీ తెచ్చింది. శకుంతలమ్మ ఆమెను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది. అయినా నవ్వు ముఖంతోనే మాట్లాడింది.

"పిల్ల కళగా ఉండాది. మావాడి కన్ను తప్పేది లేదు. ఇంతేనంట గదా," అని ఆ అంకె చెప్పింది. "ముహూర్తానికి ఇంకో పది తగ్గించు తల్లీ. ఫోటోల్లో బాగుంటాది. ఇంక మేం అడిగేదేమీ లేదు."

"తగ్గిస్తామమ్మా! తప్పకుండా తగ్గిస్తాం," అంది మునిరత్నమ్మ. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. గిరి తీసిన తరుగు చాలక, ఇంకోటి తీయడానికీ సిద్ధంగా ఉంది.

నందిని పళ్ళెం కింద పెట్టింది.

"గిరీ. ఆమె చెప్పిన అంకె నువ్వు చెప్పిందేనా?"

"ఊ."

"బస్సులో అన్నది ఇది కాదే."

గిరి గోడ మీది క్యాలెండరు చూశాడు.

"రైతు బెల్లంలో ఇంత కూడా తరుగు తీయవు. నా దగ్గరికొచ్చేసరికి పదిహేను కిలోలు కొట్టేసినావు. ఆ పదిహేను కిలోలు ఎవరివి? వాటిని యాడ పారేస్తామనుకున్నావు?"

"నీ మంచికే నేను..."

"ఆ మాటనొద్దు." ఆమె గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే గిరికి ఇంత నొప్పి ఉండేది కాదు. "ఆ మాట దారిన పోయే ప్రతివాడూ అన్నాడు. నువ్వొక్కడివి అనలేదని నీ వీధిలోకి వచ్చినా. వాళ్ళు నన్ను తగ్గమన్నారు. నువ్వు నాకు చెప్పకుండానే తగ్గించేసినావు."

శకుంతలమ్మ వైపు తిరిగింది.

"అమ్మా, మీరు చెప్పిన లెక్కకు సరిపోయే పిల్ల ఈ ఇంట్లో లేదు. కాఫీ తాగి పోండి."

*

మర్నాడు గిరి స్టూలెక్కి బోర్డు విప్పుతుంటే వరదయ్య వచ్చాడు.

"ఎందుకు దించతా ఉండావు?"

"ఇది ఇంక అబద్ధం నాయనా."

వరదయ్య కాటా పక్కన కూర్చున్నాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు కొంచెం మాట్లాడాడు.

"మీ అమ్మ పుల్ల మాదిరి ఉండేది. శనివారం ఒక్కపొద్దు, సోమవారం ఒక్కపొద్దు. తిన్న రోజు కూడా పిడికెడే. ఊరంతా మెచ్చుకునింది. ఆడదంటే ఇట్లుండాల అన్నారు. నేనూ అనుకున్నా. ఒంట్లో రక్తం లేదని డాక్టరు చెప్పినప్పుడు, మెచ్చుకున్నోళ్ళలో ఒక్కడూ ఆసుపత్రికి రాలేదు." వక్క నోట్లో వేసుకున్నాడు. "ఊరి కన్ను కాటా కాదురా. బోర్డు ఆడే పెట్టు. తరుగు తీసినోడే తిరిగి పెట్టాల."

"ఎట్ల పెట్టేది?"

"అది నాకు తెలీదు. తరుగు నేనెప్పుడూ తీయలేదు."

జవాబు శుక్రవారం నడిచి వచ్చింది, మునిరత్నమ్మ రూపంలో. ఆవిడ కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అది మొండికేసింది నాయనా. ఈ ఆదివారమే తులాభారమంట. నేను రాకపోతే ఒక్కతే పోయి త్రాసులో కూర్చుంటానంటా ఉండాది. బెల్లం మాత్రం ఈ మండీలోనే తెమ్మనింది. మనిషి అబద్ధమాడినా కాటా అబద్ధమాడదంట."

గిరి ఆ మాట తల వంచుకుని విన్నాడు.

"ఎంత కావాలమ్మా?"

"మీ అత్త చెప్పినంతే."

"అది చాలదమ్మా."

"చాలతాది నాయనా." ఆవిడ చేతులు పట్టుకున్నంత పని చేసింది. "స్వామి దయ ఉంటే చాలతాది. అంతకంటే ఎక్కువ బెల్లం ఆటోలో నుంచి దించితే నలుగురూ చూస్తారు."

గిరి అడిగినంత తూచి, గోతాం కట్టి, ఆటోలో పెట్టాడు. ఆటో పోయాక మళ్ళీ కాటా దగ్గరికొచ్చాడు.

*

చిత్తూరు చుట్టుపక్కల ఏ తగవైనా చివరికి ఒక్క మాట దగ్గర ఆగుతుంది. 'కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?' ఆ స్వామి ముందు అబద్ధం చెప్పడానికి ఎంత గుండెలు తీసినవాడైనా జంకుతాడు. ఆదివారం శకుంతలమ్మ అందుకే బయల్దేరింది. మావాడు అబద్ధమాడినాడా, ఆ పిల్ల ఆడిందా, త్రాసే తేల్చాల అంది. అన్నను కూడా లాక్కెళ్ళింది.

గుడిలో జనం బాగానే ఉన్నారు. నందిని మామిడిచిగురు రంగు పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఒళ్ళు దాచే రంగు కాదు. త్రాసు తట్టలో నిటారుగా కూర్చుంది. ఎదుటి తట్టలో మునిరత్నమ్మ తెచ్చిన బెల్లం అచ్చులు ఒక్కొక్కటే పెట్టారు. గోతాం ఖాళీ అయింది.

నందిని తట్ట నేల వదల్లేదు.

మొదట గుసగుస. తర్వాత ఎవడో కుర్రవాడు, "ఇంకో లారీ బెల్లం తెప్పించండప్పా!" అన్నాడు. నవ్వులు. ఒకామె పక్కామెతో, "అంత లావెక్కేదాకా ఇంట్లోవాళ్ళు ఏం చేస్తా ఉన్నారో," అంది, వినపడేటట్టే.

మునిరత్నమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. "దిగమ్మే. ఇంక చాలు. స్వామికి తెలుసు."

"నేను దిగను," అంది నందిని. గుడి చివరిదాకా వినపడింది. "అరకొర మొక్కు నాకొద్దు. నా తూకం ఎంతో అంత బెల్లం ఇయ్యాల. తెచ్చేదాకా ఈడే కూర్చుంటా. చూసేవాళ్ళు బాగా చూడండి. దర్శనానికి టైముండాది."

నవ్వులు కొంచెం తగ్గాయి. నవ్వులపాలైన మనిషి తల దించకపోతే నవ్వినవాడికి నవ్వడం కష్టం.

అప్పుడు జనం చీలి దారిచ్చారు. భుజాన గోతాంతో గిరిప్రసాద్. టీవీఎస్ ఫిఫ్టీ మీద చిత్తూరు నుంచి మోసుకొచ్చాడు. చొక్కా అంతా బెల్లం మరకలు. గోతాం విప్పి అచ్చులు పెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి. ఇంకొకటి. తట్ట కదిలింది. ఇంకొకటి. చివరి అచ్చు రెండు చేతులతో, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టాడు.

నందిని తట్ట మెల్లగా లేచింది. ముల్లు నిటారుగా నిలబడింది. రెండు తట్టలూ సమానం.

ఆమె గాల్లో ఉండే అడిగింది. "ఎంత తెచ్చినావు?"

"ఎంత కొట్టేసినానో అంత."

నందిని వాడినే చూస్తూ ఉంది. త్రాసు కొంచెం కూడా ఊగలేదు.

"అయితే నాకు అబద్ధమే చెప్పినావన్న మాట!" శకుంతలమ్మ ముందుకొచ్చింది. "గిరీ, స్వామి ఎదురుగా ఉన్నాడు. ప్రమాణం చేసి చెప్పు. మొత్తం ఎంత?"

జనం చెవులు రిక్కించారు. నవ్విన కుర్రవాడు ఒక అడుగు ముందుకేశాడు.

గిరి గర్భగుడి వైపు తిరిగాడు. చేయి చాచాడు.

"స్వామీ, ఈ మనిషి తూకంలో నేను తరుగు తీసినా. తప్పు. తీసింది తిరిగి పెట్టేసినా. లెక్క సరిపోయింది. ఇంక ఈమె తూకం సంగతి నా నోట రాదు. ఎవరడిగినా రాదు. ఇదే నా ప్రమాణం."

"నేనడిగింది అంకె రా!"

"ఇంక కుదరదత్తా. ప్రమాణం అయిపోయింది."

కాణిపాకంలో చేసిన ప్రమాణాన్ని తప్పించమని అడగడం కూడా పాపమే. ఆ సంగతి శకుంతలమ్మకే అందరికంటే బాగా తెలుసు. అయినా ఓడిపోవడం ఇష్టం లేక, "ఫోటోల్లో..." అని మొదలుపెట్టింది.

"శకుంతలా," అన్నాడు వరదయ్య. "ఈ స్వామి ఏటేటా పెరగతా ఉన్నాడంటారు. పాత కవచాలు పట్టడం లేదంటారు. పెళ్ళైన కాడ్నుంచి ఈ గుడికి వస్తా ఉండావు. ఒక్కసారైనా ఆయన్ను తగ్గమన్నావా?"

శకుంతలమ్మ గబగబా లెంపలేసుకుంది. రెండు గుంజిళ్ళు కూడా తీసింది. స్వామికి తీసిందో, నందినికి తీసిందో ఎవరూ అడగలేదు.

బెల్లం ప్రసాదంగా పంచారు. నవ్వినవాళ్ళే ముందు చేతులు చాచారు. రెండోసారి కూడా చాచారు. నందిని వద్దనలేదు. కాని ఆ ముఖాలన్నీ గుర్తుపెట్టుకుంది.

తర్వాత గిరి దగ్గరికొచ్చింది. చేతిలో బెల్లం ముక్క.

"నన్ను చేసుకుంటే జీవితమంతా కండక్టర్లే తగులుకుంటారు. ఓర్చుకుంటావా?"

"ఓర్చుకోను. గొడుగు తెచ్చుకుంటా."

ఆమె నవ్వింది. బెల్లం ముక్క సగం కొరికి మిగతా సగం వాడి నోట్లో పెట్టింది, అత్త చూస్తుండగానే.

"తరుగు?"

"లేదు," అన్నాడు గిరి, నోటినిండా బెల్లంతో.

*

మాఘంలో పెళ్ళయింది. ఫోటోల్లో నందిని ఎంత ఉందో అంతా పడింది. హాల్లో పెద్ద ఫోటో కట్టించి పెట్టింది శకుంతలమ్మే. చూసినవాళ్ళెవరైనా పెదవి విరిస్తే వాళ్ళకు కాఫీ ఇవ్వదు.

కాణిపాకం తులాభారం సంగతి మాత్రం చిత్తూరులో చాలాకాలం తిరిగింది. ఆ రోజు ఎంత తూగిందని హమాలీలు అడిగారు. పక్క మండీవాళ్ళు అడిగారు. పందేలు కూడా కట్టుకున్నారు. పెళ్ళికి వచ్చిన బంధువులు నవ్వుతూ అడిగారు. కొన్నేళ్ళ తర్వాత కూతురు మహిత, బడిలో ఎవరో ఏదో అన్నారని ఏడ్చి వచ్చి, "అమ్మ ఎంతుండింది నాయనా ఆ రోజు?" అని అడిగింది.

గిరిప్రసాద్ కూతురి కళ్ళు తుడిచాడు. బడికి పోయి ఆ మాట అన్నవాళ్ళతో మాట్లాడాల్సింది మాట్లాడాడు. అంకె మాత్రం చెప్పలేదు.

ఇప్పటికీ అడుగుతారు. బోర్డు కింద కూర్చుని, కాటా మీద నుంచి చూపు తిప్పకుండా ఒకటే జవాబు చెబుతాడు.

"బెల్లం సంగతి అడుగప్పా, ఎంతైనా చెప్తా. ఆ సంగతి స్వామి ముందర ముగిసింది. ఇంక నా నోట రాదు."